పళ్ళెంలో పెట్టిన రూపాయి

పశువైద్యుల దగ్గర పనికి కుదిరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళు అడిగేవన్నీ మందుల సంగతులే. పుండు కడిగే కార్బాలిక్ ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలి, తన్నే గుర్రాన్ని ఎటు నుంచి పట్టుకోవాలి, ఇలాంటివి. మొదటిది సీసా మీద రాసి ఉంటుంది. రెండోది గుర్రమే నేర్పుతుంది. ఎవరూ నేర్పనిది ఒకటుంది. అది నాకు తెలిసేసరికి నా మూలంగా ఒక మనిషి నేల పోగొట్టుకున్నాడు. అందుకని దాన్నే రాస్తున్నాను.

నేను ఈ చెరకు దీవిలో, రోజ్ బెల్‌లో ఒకే డాక్టరు గారి దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. కాంపౌండరుగా చేరాను, కాంపౌండరుగానే దిగాను, కాబట్టి ప్రమోషన్ల గురించి రాయడానికేమీ లేదు. మందులు నూరడం, కట్లు కట్టడం, జంతువు తల పట్టుకోవడం, రోజూ చూసినవాటిని సాయంత్రానికి పుస్తకంలో ఎక్కించడం నా పని. ఇవి కాక ఇంకొకటి కూడా ఉండేది. చెరకు ఎస్టేట్ల కూలీ క్యాంపుల్లో మనవాళ్ళ మాట ఆయనకు ఫ్రెంచిలో, ఆయన మాట మనవాళ్ళకు తెలుగులో చెప్పడం. అసలు ఆ ఒక్కదాని కోసమే ఆయన నన్ను పెట్టుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా డాక్టరు గారు

ఆయన్ని అందరూ ముస్యే ఒక్తావ్, అంటే ఒక్తావ్ గారు, అనేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేవాడు. చెయ్యి మాత్రం చాలా మంచిది. నొప్పితో ఒళ్ళు తెలియని గుర్రం కూడా ఆయన చెయ్యి మెడ మీద పడితే నిలబడేది. మనుషులతో అంత నేర్పు లేదు. కోపం లేదు, చనువూ లేదు. ముప్పై ఏళ్ళలో నా పిల్లల పేర్లు ఒక్కసారి అడిగాడు. అడిగినందుకు తనే సిగ్గుపడ్డాడు.

ఆయన రాబడంతా ఎస్టేటు దొరల మీదే. ఆ రోజుల్లో దొరల ఇళ్ళలో ఒక పద్ధతుండేది. వైద్యుడు వచ్చినప్పుడు ఎవరూ డబ్బు మాట ఎత్తరు. ఎత్తితే మర్యాద కాదు. ఏడాదంతా చూసి, డిసెంబరులో ఒకే ఒక్క బిల్లు పంపాలి. క్యూర్‌పీప్‌లో ఒక దొరసానికి బొచ్చుకుక్క ఉండేది. దాని చెవిపోటుకి పది నెలల్లో ఇరవై సార్లు వెళ్ళాం. బిల్లు చూసి నాకే కళ్ళు తిరిగాయి. ఆవిడ నౌకరు చేత డబ్బు పంపిస్తూ, కిందటేడు దీనికన్నా ఎక్కువైంది, కుక్క మీద శ్రద్ధ తగ్గించారా అని చీటీ రాసింది. అలాంటివాళ్ళ మధ్య మసిలే మనిషికి, ధర ముందు చెప్పాలన్న ఆలోచన కలలో కూడా రాదు.

మనవాళ్ళ పద్ధతి మీకు తెలిసిందే. పురోహితుణ్ణి గానీ, మంత్రం వేసేవాణ్ణి గానీ, వైద్యుణ్ణి గానీ నీ రేటెంత అని అడగం. అడిగితే చేతి గుణం పోతుందంటారు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు పెట్టి, పైన ఒక రూపాయి ఉంచి రెండు చేతులా ఇస్తాం. పుచ్చుకున్నాడంటే చెల్లిపోయిందని అర్థం.

ఈ రెండు పద్ధతులూ నాకు తెలుసు. ఇంకెవరికీ రెండూ తెలియవు.

బుల్లెమ్మ

సింహాద్రి అన్న, మన దేశం నుంచి కూలికి మా నాన్న వచ్చిన ఓడలోనే వచ్చినవాళ్ళ కొడుకు. ఓడ చుట్టరికం మనకి రక్తసంబంధమంత కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి, వాళ్ళావిడ పైడమ్మని వదినా అనేవాణ్ణి. రోజ్ బెల్‌కి రెండు గంటల నడకలో ఒక ఎస్టేటులో ఆయన బండి తోలేవాడు. పొలం నుంచి మిల్లుకి చెరకు తోలడం, అదే పని పద్నాలుగేళ్ళు. బండికి కట్టే కంచరగాడిద కూడా ఆ పద్నాలుగేళ్ళూ ఒకటే. ఎస్టేటు లెక్కలో దానికి తుంటి మీద కాల్చిన అంకె తప్ప పేరు లేదు. ఈయన బుల్లెమ్మ అని పెట్టుకున్నాడు.

పొలాల్లో పట్టాలు వేసి చెరకుని వాటి మీద లాగించడం మొదలయ్యాక ముసలి జంతువుల్ని ఎస్టేటు అమ్మేసింది. కొనేది తోళ్ళ వ్యాపారి ఒక్కడే. సింహాద్రి అన్న ముందురోజే వెళ్ళి ఏడు రూపాయలకి బుల్లెమ్మని కొనుక్కున్నాడు. బండి లేదు, పొలం లేదు, దాని చేత చేయించే పనేమీ లేదు. క్యాంపులో ఇంటి వెనక కట్టేసి మేపడమే. నెలకి పద్నాలుగు రూపాయల జీతగాడు గాడిదకి పింఛనిస్తున్నాడని క్యాంపంతా నవ్వేది. శనివారం ఆయన ఇంట్లో రామభజన జరిగేటప్పుడు అది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడేది. తాళాలు మోగినంతసేపూ చెవులు నిక్కబొడుచుకుని, ఆపగానే వెనక్కి వెళ్ళిపోయేది. మాలో సగంమందికి దానంత తాళజ్ఞానం లేదని సింహాద్రి అన్న అంటుండేవాడు.

అయితే దాన్ని క్యాంపులో ఎల్లకాలం ఉండనిచ్చేలా లేరు. ఆవులూ మేకలూ తప్ప వేరే జంతువుల్ని కొత్త సంవత్సరం నుంచి ఉంచకూడదని ఓవర్సీరు చెప్పేశాడు. ఆ పక్కనే ఒక దొర తన భూమిని ముక్కలు చేసి అమ్ముతున్నాడు. సింహాద్రి అన్న ఒక చిన్న ముక్క చూసుకున్నాడు. జనవరి ఒకటికల్లా యాభై రూపాయలు బయానా ఇవ్వాలి. మొగుడూ పెళ్ళాం కలిసి ఎన్నో ఏళ్ళు కూడబెడితే ఆ యాభై పోగయ్యాయి. ఇల్లు కట్టుకోవాలన్నది ఒక కోరికైతే, బుల్లెమ్మని కట్టేసుకునే చోటు కావాలన్నది రెండోది. ఆయనకు ఏది ముందో నేను అడగలేదు.

అయిదు పళ్ళేలు

ఆ ఏడాది అక్టోబరులో బుల్లెమ్మ కాలిలో మేకు దిగింది. పాత పెట్టె చెక్కలోది, తుప్పు పట్టినది. మూడో రోజుకి కాలు మోపలేకపోయింది. మేము వారానికొకసారి ఆ ఎస్టేటు పశువుల సాలకి వెళ్ళేవాళ్ళం. సింహాద్రి అన్న అక్కడికే వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, పని అయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. ఒకసారి వచ్చి చూడమను తమ్ముడూ అన్నాడు. నేను చెప్పాను. డాక్టరు గారు సరేనని బ్యాగు తీసుకుని క్యాంపుకి నడిచాడు.

గిట్ట చెక్కి చీము తీశాడు. కార్బాలిక్‌తో కడిగి తవుడు పట్టు వేయించాడు. తర్వాత, ఎస్టేటు జంతువుల కోసం తెచ్చిన పెట్టెలోంచి ఒక చిన్న గాజు బుడ్డి తీసి మెడలో సూది వేశాడు. అది ధనుర్వాతం రాకుండా వేసే మందు. ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చేది. తుప్పు మేకు దిగిన జంతువుకి అది వేయకపోతే ఏమవుతుందో నేను చూసి ఉన్నాను. వేయడం సరైనదే. దాని ధర కూడా నాకు తెలుసు.

చేతులు కడుక్కునేసరికి పైడమ్మ వదిన పళ్ళెంతో వచ్చింది. ఆకులు, వక్క, ఒక అత్తం చిన్న తియ్యటి జింజెలి అరటిపళ్ళు, పైన వెండి రూపాయి. తల మీద కొంగు సరిచేసుకుని, రాముణ్ణి తలుచుకుని రెండు చేతులా ఇచ్చింది. డాక్టరు గారు ఇలాంటివి అప్పుడప్పుడు చూసినవాడే. చిన్నగా తల వంచి రూపాయి కోటు జేబులో వేసుకున్నాడు, పళ్ళు నా చేతిలో పెట్టాడు. వదిన ముఖం తేటపడింది. ఆవిడ లెక్కలో అక్కడికి చెల్లిపోయింది.

ఆయన లెక్కలో ఏదీ చెల్లలేదు. బండెక్కగానే నన్ను పుస్తకం తీయమన్నాడు. రాకకి ఇంత, దారికి ఇంత, సూదిమందుకి ఇంత. నా చేత్తోనే రాశాను.

అయిదు వారాలు అలాగే జరిగింది. అయిదు పళ్ళేలు, అయిదు రూపాయలు, పుస్తకంలో అయిదు వరసలు. బుల్లెమ్మ కాలు బాగుపడింది.

నేనెందుకు చెప్పలేదని మీరడగవచ్చు. నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మొదటి రోజు, వాళ్ళే అడుగుతారులే అనుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, అడగందే ధర మటుకు ఎవరు చెబుతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాళ్ళు అడగరని నాకు తెలుసు. రెండో వారం, ఇప్పుడు చెబితే మొదటి వారమే ఎందుకు చెప్పలేదంటారని నోరు మూసుకున్నాను. మూడో వారం, చెబితే వైద్యం మానేస్తారు, కాలు కుళ్ళిపోతుంది అనుకున్నాను. నాలుగో వారానికి, పేదవాళ్ళు కదా, డాక్టరు గారు బిల్లు వేయడులే అని ఆయన తరఫున ధర్మం చేసేశాను. ఇవన్నీ ఒక ఎత్తు, మా పిల్లలకి జింజెలి పళ్ళంటే ఇష్టం కావడం ఒక ఎత్తు. అది కూడా రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు.

డిసెంబరు

బిల్లులు రాసేది కూడా నేనే. ముస్యే ఒక్తావ్ పుస్తకం చూసి చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. సింహాద్రి పేరు దగ్గరికి వచ్చినప్పుడు కలం ఆపాను. ఆయన తలెత్తి చూశాడు. నేను మళ్ళీ రాశాను. అరవై ఎనిమిది రూపాయలు. అది టపాలో పోయింది. ఆ రోజైనా నోరు విప్పలేదు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు సింహాద్రి అన్న మా ఇంటికి వచ్చాడు. కాగితాన్ని చొక్కా లోపల మడిచి పెట్టుకుని తెచ్చాడు. ఫ్రెంచి చదవలేడు గానీ అంకెలు చదవగలడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఇదేటి తమ్ముడూ? ఇది నాదేనా? ఇంకోళ్ళదొచ్చీసిందేటి?”

నీదే అన్నాను. ఒక్కో వరసా చదివి చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ విన్నాడు. పళ్ళెం ఇచ్చాం కదా అని మాత్రం అన్నాడు, అదీ మెల్లిగా. తర్వాత నా చేతిరాత చూపించి, ఇది నీ రాతే కదా అని అడిగాడు. అవునన్నాను.

“అంటే నీకు మొదటి దినం నుంచి తెలుసు.”

ఒకటే అడిగాను. మొదటి రోజే చెప్పి ఉంటే వైద్యం మానేసేవాడివా అన్నా, అని. ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచాడు. కోపంగా కూడా లేడు.

“ఏమో. చేయిద్దునో, మానుదునో. నేలా కావాల, బుల్లెమ్మా కావాల. ఆ ఎంచుకోడం నాది తమ్ముడూ. నీ నోరు మూసుకుని నా బదులు నువ్వే ఎంచీసినావు.”

ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ ఇంతకన్నా పెద్ద మాట అనలేదు. దొరలు తిట్టారు, ఓవర్సీర్లు తిట్టారు, అవేవీ గుర్తు లేవు.

లెక్క తేలింది

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. పళ్ళెం అంటే ఏమిటో, నేనేం చెప్పలేదో అంతా చెప్పాను. ముస్యే ఒక్తావ్ ఖాళీ కోటు జేబు తడుముకున్నాడు. ఆ రూపాయలు బహుమతి అనుకున్నానని, బహుమతి డబ్బు ఉంచుకోవడం ఇష్టంలేక చర్చిలో బీదల పెట్టెలో వేశానని అన్నాడు. రాముడి పేరున పెట్టిన రూపాయలు అయిదూ అలా చర్చిలో చేరాయి. సింహాద్రి అన్నకి చెబితే, బీదలకే కదా, మంచిదే అన్నాడు.

అప్పుడు నేను ఇంకొకటి అన్నాను. ఎలాగూ ఎస్టేటు పని మీద వెళ్ళాం, దారి ఖర్చు ఎస్టేటు బిల్లులో ఉంది, మళ్ళీ ఈయన బిల్లులోనూ వేశాం, అని. ఒకే దారికి రెండు కిరాయిలు. ఇది దాదాపు అందరు డాక్టర్లూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు. నా మటుకు నాకు అది తప్పే. ఆయన ముఖం ఎర్రబడింది. కలం తీసుకుని దారి ఖర్చు ఇరవై రూపాయలు కొట్టేశాడు. నన్ను మెచ్చుకోలేదు. ఆ తర్వాత రెండు నెలలు పనికి తప్ప నాతో మాట్లాడలేదు కూడా. కాని మళ్ళీ ఎవరికీ అలా రెండుసార్లు వేయలేదు.

నలభై ఎనిమిది మిగిలింది. పళ్ళెంలో ఇచ్చిన అయిదు కూడా తగ్గిస్తానని డాక్టరు గారు అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. సింహాద్రి అన్న తల అడ్డంగా తిప్పాడు.

“దారి ఖర్చు తప్పుగా రాసినారు, తీసినారు, సరే. పళ్ళెంలో పెట్టింది లెక్కలో కలపకూడదని చెప్పు. కలిపితే ఇచ్చినోడికీ తక్కువే, పుచ్చుకున్నోడికీ తక్కువే.”

నేను దీన్ని ఫ్రెంచిలో చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. డాక్టరు గారికి ఎంత అర్థమైందో తెలియదు. సింహాద్రి అన్న నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి నలభై ఎనిమిది రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. గుడ్డలో రెండు మిగిలాయి. నేల ఇంకొకరు కొనుక్కున్నారు. ఏడు రూపాయల గాడిదకి నలభై ఎనిమిది రూపాయల కాలు అని క్యాంపు మళ్ళీ నవ్వింది.

బయటికొచ్చాక నా జీతంలోంచి నెలనెలా ఇస్తానన్నాను. డబ్బు వద్దన్నాడు. కొత్త సంవత్సరం వస్తోంది కదా, దాన్ని ఎక్కడ కట్టేయమంటావు అని అడిగాడు. అలా బుల్లెమ్మ మా పెరట్లోకి వచ్చింది. మూడేళ్ళుంది. మా ఆవిడ మొదటి నెలంతా నాతో మాట్లాడలేదు. తర్వాత దానితోనే మాట్లాడడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం సింహాద్రి అన్న రెండు గంటలు నడిచి, నెత్తి మీద చెరకు ఆకు మోపుతో వచ్చేవాడు. నాతో మర్యాదగానే ఉండేవాడు. తమ్ముడూ అనడం మానలేదు. దాని దగ్గర మాత్రం ఎక్కువసేపు కూర్చునేవాడు.

షెమాన్ గ్రెనియే

మూడేళ్ళ తర్వాత వాళ్ళు షెమాన్ గ్రెనియే అనే ఊరికి అవతల ఒక ముక్క కొన్నారు. మొదట చూసుకున్నదానిలో సగం, అదీ రాళ్ళు. బుల్లెమ్మని ఆయనే నడిపించుకుని తీసుకెళ్ళాడు.

ఆ మరుసటి ఏడు అది మేత నమలలేకపోతోందని సింహాద్రి అన్న మా డాక్టరు గారి వాకిట్లోకి వచ్చాడు. ఈసారి నా వంక చూడలేదు. నేరుగా ఆయన ఎదురుగా నిలబడి, ఎస్టేటు సాలలో నేర్చుకున్న ఇక్కడి నాటు ఫ్రెంచి, క్రియోల్‌లో ఒక్క మాట అడిగాడు.

“కొమ్యే, ముస్యే?”

ఎంత అని. ముస్యే ఒక్తావ్‌ని జీవితంలో ఎవరూ అలా అడిగి ఉండరు. ఆయన ఒక్క నిమిషం తడబడి, రాకకి ఇంత, దారికి ఇంత, పళ్ళు అరగదీయడానికి ఇంత అని చెప్పాడు. మొత్తం పదకొండు. సింహాద్రి అన్న మనసులో ఏదో కూడుకుని, రమ్మన్నాడు.

వెళ్ళాం. రాళ్ళన్నీ ఏరి గోడగా పేర్చుకున్నారు. ఇల్లు చిన్నది. సాల మాత్రం బాగుంది. డాక్టరు గారు ఆకురాయితో బుల్లెమ్మ పళ్ళు అరగదీశాడు, నేను తల పట్టుకున్నాను. పని అయింది. చేతులు కడుక్కున్నాడు. కడుక్కుని వెంటనే బండి వైపు రాలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తుడుచుకుంటూ, ఇంటి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పైడమ్మ వదిన బయటికి వచ్చింది. పదకొండు రూపాయలు ఆయన చేతిలో పెట్టింది. సరిగ్గా పదకొండు. కొంగు సరిచేసుకోలేదు. దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళకి కోపమేమీ లేదు, నాకు తెలుసు. ధర చెప్పినవాడికి ధర ఇచ్చారు.

తిరుగుదారిలో సూయాక్ ఊరు దాటాం. ఈసారి పళ్ళెం తేలేదేం అని డాక్టరు గారు అడిగాడు.

“ధర చెప్పారు కదా ముస్యే. ధర చెప్పినవాళ్ళకి పళ్ళెం ఉండదు.”

ఆయన ఆ డబ్బుని జేబులోంచి తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అది చర్చి పెట్టెలోకి వెళ్ళే డబ్బు కాదు. నాకు ఆ మనిషి మీద జాలేసింది. నా మీద కూడా వేసింది.

బుల్లెమ్మ ఇంకో రెండేళ్ళు బతికి, ఆ రాళ్ళ గోడ పక్కనే పోయింది.

ఆ పదకొండు రూపాయల రోజు నుంచి ఏ క్యాంపుకి వెళ్ళినా, డాక్టరు గారు బండి దిగకముందే నేను దిగి, ఇంటివాళ్ళతో ఎంతవుతుందో చెప్పేవాణ్ణి. కొందరు విని వెనక్కి తిరిగేవారు. వాళ్ళ కుక్కో మేకో చచ్చిపోయిందని తర్వాత వినేవాణ్ణి. వింటే బాధగానే ఉండేది. కొందరు ముఖం మీదే తిట్టేవారు. నాకు ధరల బాబు అని పేరు పెట్టారు. డాక్టరు గారు నా అలవాటు గమనించాడు, వద్దనలేదు.

మీరూ అదే చేయండి. జంతువు మీద చెయ్యి వేయకముందే ధర చెప్పండి. చెప్పాక పళ్ళెం రాదు. నాకు మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు, మా పిల్లలకి జింజెలి పళ్ళు బజారులో కొనిపెట్టాను. అయినా చెప్పండి.